నష్టానికి అమ్మడం నేరమా?

చీకటి పడే వేళ కూరగాయల బజారుకు వెళితే, ఉదయం బేరమాడినా తగ్గని టమాటాలు సగం ధరకే దొరుకుతాయి. వర్తకుడికి గిట్టుబాటు కాదు. అయినా ఇచ్చేస్తాడు, తెల్లవారితే అవి కుళ్ళిపోతాయి గనుక. అప్పు గడువు ముంచుకొచ్చినవాడు, దుకాణం ఎత్తేస్తున్నవాడు చేసేదీ ఇదే. కొత్తగా కొట్టు తెరిచినవాడు నాలుగు రోజులు లాభం చూసుకోడు. వీటిలో తప్పుపట్టవలసిందేమీ మాకు కనిపించదు.

పేచీ మరోచోట ఉంది. పక్క దుకాణం మూతపడేదాకా నష్టానికి అమ్మి, ఆ తర్వాత ధర పెంచి రాబట్టుకుందామని లెక్క వేసుకున్నవాడి సంగతేమిటి? కొనేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, సరుకు చౌక!

ఈ చర్చ ఈనాటిది కాదు. మదీనా బజారులో హజ్రత్ హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) ఎండుద్రాక్ష చౌకగా అమ్ముతుండగా హజ్రత్ ఉమర్ (రజి) అటుగా వచ్చారు. ధర పెంచమని, లేదంటే బజారు వదిలి వెళ్ళమని చెప్పారు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) 'ముఅత్తా'లో ఉన్నది ఇంతవరకే.

ఇమామ్ షాఫయీ (రహ్మలై) ఉల్లేఖనంలో మరికొంత ఉంది. తాయిఫ్ నుంచి ఎండుద్రాక్షతో ఒక బిడారు వస్తోందని, ఆ వర్తకులు హాతిబ్ ధరనే లెక్కలోకి తీసుకుంటారని ఉమర్ ఆందోళన. దూరం నుంచి సరుకు తెచ్చేవారు దెబ్బతింటే మళ్ళీ వస్తారా? అయితే ఇంటికి వెళ్ళాక ఆయన ఆలోచనలో పడ్డారు. స్వయంగా హాతిబ్ ఇంటికి వెళ్ళి, తాను చెప్పింది ఆజ్ఞ కాదని, తీర్పూ కాదని, ఊరి మేలు కోరి అన్న మాట మాత్రమేనని, ఇష్టమొచ్చిన చోట ఇష్టమొచ్చినట్లు అమ్ముకోవచ్చని తెలిపారు. సరుకుపై యజమానికున్న హక్కు, బజారు బాగోగులు, ఈ రెండింటి మధ్య అంతటి పాలకుడే తటపటాయించారంటే విషయం ఎంత చిక్కైనదో మనం గ్రహించవచ్చు. (హాతిబ్ అసలుకన్నా తక్కువకు అమ్మారని మాత్రం ఈ ఉల్లేఖనాల్లో లేదు. బజారు ధరకన్నా తక్కువ, అంతే.)

మన దేశంలో 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఈ చిక్కును తనదైన పద్ధతిలో విప్పజూసింది. ధర ఖర్చుకన్నా తక్కువైతే చాలదు, పోటీని తగ్గించే లేదా పోటీదారులను తొలగించే ఉద్దేశం ఉండాలి. పైగా అమ్మే సంస్థ అప్పటికే ఆ మార్కెట్‌లో ఆధిపత్యంలో ఉండాలి. జియో 2016 సెప్టెంబరులో ఉచిత సేవలతో రంగంలోకి దిగితే ఎయిర్‌టెల్ ఫిర్యాదు చేసింది. జియోకు ఆధిపత్యం లేదంటూ కాంపిటీషన్ కమిషన్ 2017 జూన్‌లో దాన్ని కొట్టివేసింది.

చట్టం బలహీనత ఇక్కడే ఉందని మా అభిప్రాయం. జేబు నిండా డబ్బున్న కొత్తవాడు ఆధిపత్యం సంపాదించేదాకా చట్టానికి దొరకడు. సంపాదించాక నష్టానికి అమ్మే అవసరమే అతనికి ఉండదు. అలాగని కొత్తవారిని ఆదిలోనే అడ్డుకుంటే పాతవారి పెత్తనం పోయేదెప్పుడు?

ఉబెర్‌పై మేరు క్యాబ్స్ 2015లో ఫిర్యాదు చేసింది. ఒక్కో ట్రిప్పుకు 204 రూపాయలు నష్టపోతూ బండ్లు నడుపుతోందన్నది అందులోని ఆరోపణ. ఇంత నష్టానికి వేరే కారణం కనిపించడం లేదంటూ సుప్రీంకోర్టు 2019 సెప్టెంబరులో దర్యాప్తుకు దారి ఇచ్చింది. చివరకు కమిషన్ 2021లో కేసు మూసివేసింది. అప్పటికి ఫిర్యాదు అంది ఆరేళ్ళు కావస్తోంది.