ఇంటిపేరు మారిన బ్యాక్టీరియా

ఛత్తీస్‌గఢ్‌లోని బచేలి గనుల ఇనుప ఖనిజం రైలెక్కి విశాఖ చేరుతుంది. బైలదిలా కొండల్లోని ఈ తరహా చారల ఇనుప శిలలు ప్రాచీన సముద్రాల్లో సూక్ష్మజీవుల వల్లే పేరుకున్నాయన్నది ఒక వాదన. దానికి 1993లో జర్మన్ శాస్త్రవేత్తలు బలం చేకూర్చారు. ఆక్సిజన్ లేకున్నా కొన్ని ఊదా బ్యాక్టీరియాలు ఎండ సాయంతో నీటిలోని ఇనుమును తుప్పుగా మారుస్తాయని చూపారు. రోడోబ్యాక్టర్ అనే గ్రామ్ నెగెటివ్ ప్రజాతిలోనూ అలాంటి రకం ఉంది.

1984లో ఏర్పడిన ఆ ప్రజాతిని తిరగరాసింది హైదరాబాద్. బ్యాక్టీరియాకూ తెలుగువారిలాగే ఇంటిపేరు ముందొస్తుంది. ప్రజాతి పేరే ఆ ఇంటిపేరు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చింతలపాటి వెంకటరమణ, జేఎన్‌టీయూలో చింతలపాటి శశికళ బృందాలు జన్యుక్రమాలను పోల్చి, ఈ ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒక్క కుటుంబం కాదని 2019లో తేల్చాయి. కిరణజన్య సంయోగక్రియ పరిశోధనలో పేరొందిన స్ఫెరాయిడిస్‌ను ల్యూటియోవులమ్‌లోకి మార్చాలని ప్రతిపాదించాయి. 2020లో వెయ్యికి పైగా జన్యుక్రమాలను పరిశీలించిన మరో బృందం దాన్ని సెరీబ్యాక్టర్‌లో చేర్చింది. విశేషమేమిటంటే ఆ పేరూ 2015లో హైదరాబాద్ బృందం పెట్టిందే.

చిక్కల్లా పాత పేరుతోనే. దశాబ్దాల పరిశోధన పత్రాలన్నీ రోడోబ్యాక్టర్ పేరు మీదే ఉన్నాయి. కొత్త పేరుతో మాత్రమే వెతికే విద్యార్థికి అవి కంటబడవు. పైగా నియమబద్ధంగా ప్రకటించిన పాత పేరు కొత్తది రాగానే చెల్లకుండా పోదు. ఏది వాడాలన్నది శాస్త్రవేత్తల విచక్షణే. అందుకే ఒకే సూక్ష్మజీవి ఇప్పుడు మూడు ఇంటిపేర్లతో తిరుగుతోంది.