మాజీ సైనికుడి కార్డుకు టోల్‌గేటు తెరుచుకోదు
వికలాంగులైన జవాన్లకు మినహాయింపు దారి వేరే వుంది

తాడేపల్లిగూడెం: మాధవరం పేరు చెబితే జిల్లాలో ఎవరికైనా మిలిటరీయే గుర్తుకు వస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ జవాన్లను పంపిన గ్రామమది. ఇటువంటి గ్రామాల నుంచి వైద్యం కోసం విశాఖలోని కల్యాణి నౌకాదళ ఆస్పత్రికి కారులో బయలుదేరే మాజీ సైనికులకు దారి పొడవునా టోల్‌గేట్లు ఎదురవుతాయి. కార్డు చూపడం, సిబ్బంది కాదనడం, వెనుక లారీలు హారన్లు మోగించడం మామూలే. దేశం కోసం కాలు పోగొట్టుకున్న మనిషికి అది చిన్నతనమే. అయితే తప్పు గేటు సిబ్బందిది కాదు.

టోలు మినహాయింపు నిచ్చే 1901 నాటి సైనిక చట్టం డ్యూటీలో వున్న వారికి ఉద్దేశించినది. పదవీ విరమణ చేసినవారు స్వంత వాహనంలో వెడితే అది వర్తించదు. 2008 జాతీయ రహదారుల రుసుము నిబంధనలు పరమవీర, అశోక, మహావీర, కీర్తి, వీర, శౌర్య చక్రాల గ్రహీతలను మాత్రం మినహాయించాయి. వారు ఫోటో గుర్తింపు కార్డు చూపితే చాలు. సేనా పతకం ఈ జాబితాలో లేదు.

వికలాంగుడైన జవానుకు పనికివచ్చే నిబంధన మరొకటి. అంగవైకల్యం గలవారి కోసం ప్రత్యేకంగా తయారైన వాహనానికి రుసుము లేదు. అంటే మినహాయింపు మనిషి కార్డుకు కాదు, బండికి. కనుక అసలు పని టోల్‌గేటు దగ్గర కాదు, ఆర్టీవో ఆఫీసులో జరగాలి. బ్రేకు, క్లచ్చి చేతితో నడిపేలా మార్పించిన కారును 'అడాప్టెడ్ వెహికల్'గా ఆర్.సి.లో నమోదు చేయించాలి. 2020లో చేసిన సవరణ ప్రకారం యజమాని వివరాలలో 'దివ్యాంగజన్' అని కూడా రాయించవచ్చు. పాత ఆర్.సి.లలో ఈ మాట వుండదు. చాలామంది చిక్కుకునేది యిక్కడే. ఆర్.సి. సరిగా వుంటే రుసుము లేని ఫాస్టాగ్ కోసం జాతీయ రహదారుల సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాహన పన్ను మినహాయింపు సంగతి కూడా అదే ఆర్టీవో ఆఫీసులో అడగాలి. మూడు చక్రాల స్కూటరు మీద తిరిగేవారికి హైవేపై టోలు బెడద ఎలాగూ లేదు.

మరో చిక్కు కాగితాలది. పెన్షను ఉత్తర్వులో మిలిటరీ మెడికల్ బోర్డు వేసిన వైకల్య శాతం వున్నా, సివిల్ ఆఫీసులు అడిగేది సదరం సర్టిఫికెట్టు లేదా యు.డి.ఐ.డి. కార్డు. 40 శాతానికి తగ్గితే చాలా రాయితీలు అందవు. పెన్షను కాగితాన్నే పట్టుకుని తిరిగేకన్నా ముందు సదరం శిబిరానికి వెళ్లడం మేలు. మాజీ సైనికుడిగా గుర్తింపు పత్రాలు కావలసివస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సంప్రదించాలి.

పార్కింగు సంగతికి వస్తే, బస్ స్టేషన్లలో, రైల్వే స్టేషన్లలో వికలాంగులకు అనువైన పార్కింగు వుండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. అద్దానికి తగిలించే ప్లకార్డు ప్రస్తావన మాత్రం అందులో లేదు. బజారులో దొరికే చక్రాల కుర్చీ బొమ్మ స్టిక్కరును ఎవరైనా అంటించుకోవచ్చు, అంటించుకుంటున్నారు కూడా. కనుక స్టిక్కరును నమ్ముకోక, ఆర్.సి., వైకల్య సర్టిఫికెట్టు నకళ్లు బండిలో వుంచుకోవాలి.

అడాప్టెడ్ వాహనం వికలాంగుడు వాడుకోవడానికి, లేదా అతని అవసరాలకు మాత్రమే. తండ్రిని ఇంటిదగ్గర వుంచి కొడుకు అదే కారులో పెళ్లికి వెడితే, టోలు కట్టవలసిందే.