అన్నప్రాశన ముహూర్తం - ఆ తరువాతి ఆరు నెలలు

మన తెలుగు ఇళ్ళలో పసిబిడ్డ ఎదుగుదలలో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క పిండివంట ఏర్పడి ఉన్నది. బిడ్డ బోర్లా పడిన నాడు బొబ్బట్లు, గడప దాటిన నాడు గారెలు, అడుగులు వేసిన నాడు అరిసెలు, మాటలు పలికిన నాడు పంచదార చిలకలు ఇరుగుపొరుగుకు పంచుట ఆచారం. ఈ వంటలన్నీ పెద్దలు తినుటకే గాని బిడ్డకు కావు. బిడ్డ నోటికి అన్నం అందించే వేడుక వీటన్నిటి నడుమ ఒక్కటే ఉన్నది. అది అన్నప్రాశన. అందుచేత వైద్యునిగా నాకు మిగిలిన వేడుకలకంటె దీనిమీద శ్రద్ధ ఎక్కువ. ఆ ఒక్క రోజుమీద కంటె దాని మరునాటినుండి బిడ్డకు ఏడాది నిండేవరకు గడిచే రోజులమీద మరీ ఎక్కువ.

ముందుగా నెల సంగతి. మగబిడ్డకు సరి నెలలో, ఆడబిడ్డకు బేసి నెలలో అన్నప్రాశన చేయుట మన వైపు వాడుక. ఈ లెక్కన మగబిడ్డకు ఆరవ నెల, ఆడబిడ్డకు ఐదవ నెల అని పంచాంగం చూసి ముహూర్తం పెడతారు. అయితే పురోహితుడు చెప్పే నెల నడుస్తున్న నెల; వైద్యుడు చెప్పేది నిండిన నెల. ఐదవ నెల నడుస్తున్న ఆడబిడ్డకు నిండినవి నాలుగు నెలలే. ఆ వయసులో బిడ్డకు మెడ నిలిచినా నడుము నిలవదు. నోటిలో పెట్టినదానిని నాలుక బయటికే నెడుతుంది. 180 రోజులు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సుశ్రుతుడు శారీరస్థానం పదవ అధ్యాయంలో ఆరవ మాసమున లఘువైన, హితమైన అన్నం పెట్టమన్నాడు. ఈ రెండింటి నడుమ దూరం ఎంతో లేదు.

కనుక ఆడబిడ్డకు ఏడవ నెలలో ముహూర్తం పెట్టించుకొనుట ఉత్తమం. నడుస్తున్నది ఏడవ నెల అంటే నిండినవి ఆరు. ఆచారమూ నిలుస్తుంది, శాస్త్రమూ నిలుస్తుంది. మగబిడ్డ విషయంలో కొంత చిక్కు ఉన్నది. ఆరవ నెల అంటే నిండినవి ఐదే, ఎనిమిదవ నెల అంటే ఏడు. వేడుకను ఆరవ నెలలోనే జరుపుకోదలిస్తే పరమాన్నాన్ని పెదవికి తాకించి ఊరుకోండి. 180 రోజులు నిండేవరకు మళ్ళీ తల్లిపాలతోనే గడపండి. అంతేగాని, ముహూర్తం కుదరలేదని ఎనిమిదవ నెల వరకు బిడ్డను ఒట్టి పాలమీద ఉంచరాదు. ఆరు నెలలు నిండిన మరునాడు ఇంట్లో మామూలుగా ఉగ్గు మొదలుపెట్టి, వేడుకను వీలైనపుడు చేసుకున్నా దోషం లేదని నా అభిప్రాయం.

కాశ్యప సంహితలో ఆరవ నెలలో ఫలప్రాశన, పదవ నెలలో అన్నప్రాశన చెప్పబడినది కదా అని చదువుకున్న తల్లులు కొందరు అడుగుతారు. నేపాళంలో దొరికిన తాళపత్రప్రతి ఆధారంగా 1938లో ముద్రితమైన ఆ గ్రంథాన్ని మా గురువుగారు తమ ఇంటి అరుగుమీద కూర్చోబెట్టి మాకు పాఠం చెప్పారు. పండ్ల గుజ్జుతో మొదలుపెట్టి ధాన్యానికి క్రమంగా రమ్మనుట ఆ ఆచార్యుని భావం. పది నెలల దాకా బిడ్డకు ఏమీ పెట్టవద్దని ఆయన అనలేదు. ఈనాటి జ్ఞానం ప్రకారం ధాన్యం కోసం పదవ నెల వరకు ఆగరాదు. పుట్టుకతో బిడ్డ కాలేయంలో దాచుకొని వచ్చిన ఇనుము ఆరు నెలలకు ఇంచుమించు తరిగిపోతుంది. తల్లిపాలు అమృతమే గాని వాటిలో ఇనుము బహు స్వల్పం.

వేడుకనాటి సంగతులు రెండు చెప్పి ముందుకు సాగుతాను. బంగారు ఉంగరంతో పరమాన్నం నాకించేవారు రాళ్ళు పొదగని ఉంగరాన్ని వేడినీళ్ళలో కడిగి వాడవలెను. తల్లిదండ్రులు, తాతయ్యలు, నాయనమ్మ, అమ్మమ్మ, మేనమామ పెట్టిన తరువాత వరుసలో నిలుచున్న బంధుజనమంతా తలా ఒక చెంచా పెట్టబోతే మర్యాదగా వారించండి. అక్షింతలతో ఆశీర్వదిస్తే చాలును. అన్ని చేతులు, అన్ని చెంచాలు ఆ చిన్న కడుపు భరించలేదు.

ఇక తేనె. ఈ మాట నా వంటి సంప్రదాయ వైద్యుడు చెప్పుట కొందరికి రుచించకపోవచ్చును. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కైనా నాకించరాదు. జాతకర్మలో తేనె, నెయ్యి ప్రాచీనులు చెప్పిన మాట నిజం. లేహన ప్రకరణంలో బంగారాన్ని తేనెతో, నేతితో ఇమ్మన్నది నిజం. కాని తేనెలో బొట్యులిజం అనే జబ్బును కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చును. పెద్దల పేగులలో అవి మొలకెత్తవు. ఏడాదిలోపు బిడ్డ పేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టించగలవు. పసిబిడ్డలలో ఈ వ్యాధిని 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో గుర్తించారు. మొదట మలబద్ధం, తరువాత ఏడుపు సన్నగిల్లడం, రెప్పలు వాలిపోవడం, పాలు చప్పరించలేకపోవడం, ఒళ్ళు గుడ్డపీలికలా వేలాడడం దీని లక్షణాలు. ఇవి కనిపిస్తే గడియ ఆలస్యం లేకుండా పెద్దాసుపత్రికి చేర్చవలెను. తేనెను కాచి ఇస్తామందురేమో! ఇంటి పొయ్యిమీది వేడికి ఆ బీజాలు చావవు. పైగా తేనెను వేడి చేయుట మన శాస్త్రంలోనే నిషిద్ధం. పుష్యమి నక్షత్రం నాడు స్వర్ణప్రాశన చేయించేవారు ఆ చుక్కలలో తేనె ఉన్నదా అని అడిగి తెలుసుకొని, ఉన్నదంటే ఏడాది నిండేవరకు ఆగవలెను. అనుపానంగా ఏదైనా కలపవలసి వస్తే తల్లిపాలో, నెయ్యో చాలును.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా వద్దకు పది, పదకొండు నెలల బిడ్డలను ఎత్తుకొని వచ్చే కుటుంబాలు తక్కువ కాదు. "ఊరికే ఏడుస్తున్నాడండీ, ఏదీ తినడు, మాటిమాటికీ జలుబు" అని చెబుతారు. కొద్దికాలం క్రిందట అటువంటి బిడ్డను ఒక నాయనమ్మగారు తీసుకొచ్చారు. అన్నప్రాశన ఎంత ఘనంగా చేసినదీ చెప్పి, బిడ్డ పళ్ళెంలోని కలం పట్టుకున్న ఫోటో సెల్‌ఫోనులో చూపించారు. నేను బిడ్డ కింది రెప్పను క్రిందికి లాగి చూచితిని. ఎర్రగా ఉండవలసిన చోట తెల్లకాగితంలా ఉన్నది. "రోజంతా ఏమేమి పెడతారో చెప్పండమ్మా" అన్నాను. ఉదయం పాలలో నానిన రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం చారుతో పిసికిన అన్నం మీది తేట, సాయంత్రం మళ్ళీ పాలు, బిస్కెట్లు, రాత్రికి గంజి. "మెత్తగా, పలచగా ఉంటే బాగా అరుగుతుంది కదండీ" అన్నారావిడ. ఆవిడ ప్రేమలో లోపం లేదు. బరువు తూచితే ఆ బిడ్డ రెండు నెలలుగా ఒక్క గ్రాము కూడా పెరగలేదు.

ఇది ఒక ఇంటి కథ కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం ఆరు నెలలనుండి ఐదేళ్ళలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్నది. ఆరు నెలలనుండి రెండేళ్ళలోపు వారిలో తగినంత ఆహారం అందుతున్నవారు నూటికి సుమారు 11 మంది మాత్రమే. బీదరికం ఒక్కటే దీనికి కారణమైతే మధ్యతరగతి ఇళ్ళ బిడ్డలు నా వద్దకు ఇలా రానక్కరలేదు. పలచదనమే కారణం.

మన శాస్త్రం అన్నాన్ని చిక్కదనాన్ని బట్టి నాలుగు విధాలుగా విభజించినది. మెతుకు లేని తేట మండం. మెతుకు కొద్దిగా, నీరు ఎక్కువగా ఉన్నది పేయ. చిక్కగా జారుడుగా ఉన్నది విలేపి. వార్చిన అన్నం ఓదనం. జఠరాగ్ని మందగించిన రోగికి మండంతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఓదనానికి తెస్తాము. పసిబిడ్డకూ ఇదే దారి. కాని మన ఇళ్ళలో చాలామంది బిడ్డలు మండం వద్దనే నెలల తరబడి నిలిచిపోతున్నారు. ఏడెనిమిది కిలోల బిడ్డ కడుపు పూటకు సుమారు 200 మిల్లీలీటర్లే పడుతుంది. ఆ చోటంతా గంజినీళ్ళతో నింపితే కడుపు నిండుతుంది గాని ఒంటికి పట్టేదేమీ ఉండదు. బిడ్డ నిండిన కడుపుతో ఆకలిగొని ఏడుస్తాడు. అది చూచి పెద్దలు అరగలేదనుకొని ఇంకా పలచన చేస్తారు!

మొదటి రెండు మూడు రోజులు పేయ, ఆ వారంలోనే విలేపి. చెంచాను వంచితే జారిపోకుండా నిలిచినదే బిడ్డకు తగిన చిక్కదనం. తొమ్మిదవ నెలకు మెదిపిన అన్నం, ఏడాదికి ఇంటిల్లిపాదీ తినే అన్నమే, కారం లేకుండా.

ఉగ్గు చేయు విధం అందరికీ తెలిసినదే గాని కొత్త కోడళ్ళ కోసం చెబుతాను. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు తీసుకొని, కడిగి నీడన ఆరబెట్టి, దోరగా వేయించి రవ్వగా విసరవలెను. చిటికెడు జీలకర్ర పొడి వేసి మెత్తగా ఉడికించి, దించిన తరువాత ఒక చెంచా నెయ్యి కలపవలెను. ఆ ఒక్క చెంచా నెయ్యి సుమారు 45 కేలరీల బలం. బిడ్డ లావైపోతాడని నెయ్యి తగ్గించే ఇళ్ళు ఈమధ్య కనబడుతున్నవి. ఈ వయసులో ఆ భయం అనవసరం. ఏడాది వరకు ఉప్పు, పంచదార మాత్రం వేయవద్దు. రుచి మనకు చప్పగా ఉన్నా బిడ్డకు కాదు.

రాగులకు సాటి లేదు. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, కొద్దిగా మాత్రమే వేయించి పిండి విసరవలెను. మొలకెత్తిన గింజలో పిండిపదార్థాన్ని విరగదీసే ద్రవ్యం ఒకటి పుడుతుంది. చిక్కని ఉగ్గులో ఈ పిండి ఒక చెంచా కలిపితే, నీళ్ళు పోయకుండానే అది జారుడుగా మారుతుంది. ధాన్యం తగ్గకుండా మింగుట సులువవుతుంది. బాగా మాడ్చి వేయిస్తే ఆ ద్రవ్యం నశిస్తుంది, గమనించవలెను.

పూటల లెక్క: ఆరునుండి ఎనిమిది నెలలు నిండేవరకు రోజుకు రెండు మూడు సార్లు, ఆ పైన మూడు నాలుగు సార్లు. తల్లిపాలు ఎప్పటివలెనే. ఆవుపాలు, గేదెపాలు ఏడాదిలోపు ముఖ్యాహారం చేయరాదు. వాటిలో ఇనుము లేకపోగా తిన్న అన్నంలోని ఇనుమును కూడా ఒంటపట్టనీయవు. తోటకూర, పాలకూర ఉడికించి మెదిపి, రెండు చుక్కల నిమ్మరసంతో కలపవచ్చును. మాంసాహారం తినే ఇళ్ళలో ఏడవ నెలనుండి బాగా ఉడికిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప మెదిపి పెట్టవచ్చును. ఒక కొత్త పదార్థానికి, మరొకదానికి మూడు రోజుల ఎడం ఉంచండి. ఆరు నెలలు దాటిన బిడ్డలకు ప్రభుత్వం వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ఇప్పిస్తున్నది. ఆయుర్వేదం నమ్మినవారము కదా అని దానిని నిరాకరించవద్దు. నాయనమ్మగారి మనుమడిని నేను ముందు పిల్లల వైద్యుని వద్దకు పంపి, రక్తపరీక్ష చేయించి, ఆయన చెప్పిన మోతాదులో ఇనుము మొదలైన తరువాతనే ఆహారం సంగతి మాట్లాడితిని.

పాత ఉగ్గుగిన్నె ఇంట్లో ఉన్నవారు దానిని భద్రంగా దాచుకోండి, వాడవద్దు. కాళ్ళమీద పడుకోబెట్టి ముక్కు మూసి గొంతులో పోయుట వలన ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. బిడ్డను కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చొని, చెంచాతో పెట్టవలెను. పల్లీలు, శనగలు, గింజ తీయని పండ్లు చేతికి ఇవ్వరాదు.

అన్నం తరువాత తల్లులు బెంగపడేది నడక గురించి, మాట గురించి. ఎదురింటి బిడ్డ పదవ నెలలో అడుగు వేస్తే మనింట అరిసెల పాకం ఇంకా పట్టలేదేమని దిగులు. భారతదేశంతో సహా ఐదు దేశాల పిల్లలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన వివరాల ప్రకారం, ఆరోగ్యవంతులైన బిడ్డలు తమంతట తాము నడిచే వయసు ఎనిమిది నెలలనుండి పదిహేడున్నర నెలల వరకు ఉన్నది. కొందరు పాకకుండానే లేచి నిలబడతారు. తొందరపడి చక్రాల వాకరులో కూర్చోబెట్టవద్దు. నడక త్వరగా రాదు సరికదా, మెట్లమీదినుండి పడే ప్రమాదం. కెనడా దేశం 2004లో వాటిని పూర్తిగా నిషేధించినది. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే మాత్రం వైద్యునికి చూపించవలెను.

మాట ఆలస్యమైతే వసకొమ్ము అరగదీసి పోయుట మన ఇళ్ళలో ఉన్నదే. వస మేధ్యమని శాస్త్రం చెప్పినది, వాంతికరమనీ చెప్పినది. మోతాదు తెలియని చేతిలో అది బిడ్డకు మందు కాదు. ఇంట్లో మీరుగా ఇవ్వవద్దు. మాట రాకపోవుటకు తరచు కారణం నాలుక కాదు, చెవి. బిడ్డ వెనుక నిలిచి, నీడ కూడా పడకుండా, గిన్నెమీద గరిటెతో మెల్లగా తట్టి చూడండి. ఆరు నెలలు దాటిన బిడ్డ తల తిప్పకపోతే ఆ వారంలోనే చెవి వైద్యుని వద్ద వినికిడి పరీక్ష చేయించవలెను. తల తిప్పినప్పటికీ, ఏడాదిన్నర నిండి ఒక్క మాటైనా రాకపోతే ఆ పరీక్ష తప్పదు.