పిల్లి రిపోర్టులో ప్లేట్‌లెట్లు 40 వేలు: వైరసా, మిషను పొరపాటా?

వానలు తగ్గి డెంగీ కేసులు పెరిగే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఢిల్లీలో ప్లేట్‌లెట్ల లెక్క తెలియని ఇల్లు ఉండదు. యమునకు తూర్పున ఉన్న మయూర్ విహార్‌లోనూ అంతే. లక్షన్నర ఉంటే నిశ్చింత, 50 వేలకు పడిపోతే ఆసుపత్రికి పరుగు. చిక్కేమిటంటే పెంపుడు పిల్లి రక్తపరీక్షను కూడా ఇదే లెక్కతో చదివేస్తుంటారు. జ్వరంతో తిండి మానేసిన పిల్లికి 40 వేలే ఉన్నాయని రిపోర్టు వస్తే కంగారు సహజమే. కానీ ఆ అంకె నిజమా కాదా అన్నది ముందు తేలాలి.

ఆరోగ్యంగా ఉన్న పిల్లికి మైక్రోలీటరు రక్తంలో సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. వాటి సైజు పెద్దది. పిల్లి ఎర్రరక్తకణాలేమో మనిషి కణాల్లో దాదాపు సగం. సైజును బట్టి లెక్కపెట్టే మిషను పెద్ద ప్లేట్‌లెట్‌ను ఎర్రకణంగా పొరబడుతుంది. పైగా రక్తం తీసేటప్పుడు పిల్లి పెనుగులాడినా, సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చినా ప్లేట్‌లెట్లు ఇట్టే ముద్దకడతాయి. ముద్దలో ఉన్నవి లెక్కలోకి రావు. పిల్లుల రిపోర్టుల్లో ఈ ఉత్తుత్తి తగ్గుదల చాలా మామూలు. అందుకే రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడాలి. ఎక్కువ పవర్ లెన్సు కింద కనిపించే ఒక్కో ప్లేట్‌లెట్‌ను 15 నుంచి 20 వేలుగా లెక్కేస్తారు. సగటున పది కనిపిస్తే భయం లేదు.

అక్కడా తక్కువే ఉంటే వైరస్‌ను అనుమానించాల్సిన కారణాల్లో ఒకటిగా చూస్తారు. పిల్లుల్లో ఈ పని చేసే ప్రధాన వైరస్‌లు దోమతో వచ్చేవి కావు. పాన్‌ల్యూకోపీనియా వైరస్ పార్వో జాతిది, వేగంగా విభజన చెందే కణాలే దాని గురి. పేగు గోడలతో పాటు ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది. ప్లేట్‌లెట్లు పుట్టేది ఆ మజ్జలోని పెద్ద కణాల నుంచే. తెల్లకణాలు బాగా పడిపోతాయి, ప్లేట్‌లెట్లూ తగ్గొచ్చు. జబ్బు ముదిరితే రక్తనాళాల్లో అంతటా చిన్న చిన్న గడ్డలు కడతాయి. ఉన్న ప్లేట్‌లెట్లు వాటికే ఖర్చయిపోతాయి. అంటే ఒక పక్క రక్తం గడ్డకడుతూనే మరో పక్క కారుతుంది. కొన్ని కరోనావైరస్‌ల వల్ల వచ్చే ఎఫ్‌ఐపీలోనూ ఇలా జరగొచ్చు.

1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం గుర్తించిన ల్యూకీమియా వైరస్ దారి వేరు. అది మజ్జలోనే తిష్ఠ వేస్తుంది. ప్లేట్‌లెట్లను తయారుచేసే కణాల్లోకీ, ప్లేట్‌లెట్లలోకీ చేరుతుంది. ఎయిడ్స్ వైరస్‌కు దగ్గరి చుట్టమైన ఎఫ్‌ఐవీ 1986లో కాలిఫోర్నియాలో బయటపడింది, అది ఏళ్లపాటు నెమ్మదిగా పనిచేస్తుంది. ఇవి కాక, శరీరపు రక్షణ వ్యవస్థే పొరబడి తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకునే సందర్భాలూ ఉన్నాయి.

సాధారణంగా 50 వేల కన్నా దిగువకు పోయినప్పుడే రక్తస్రావం భయం. అంతకన్నా తక్కువ ఉన్నా ఏమీ కానట్టు తిరిగే పిల్లులూ ఉంటాయి. చిగుళ్ల మీద, పొట్ట చర్మం మీద సూదిమొనంత ఎర్రచుక్కలు, నల్లటి మలం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. వైద్యం అసలు జబ్బుకే, అంకెకు కాదు. పాన్‌ల్యూకోపీనియాకు టీకా ఉంది. కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు వచ్చేదాకా మూడు, నాలుగు వారాలకోసారి వేస్తారు. మెట్ల కింద వీధి పిల్లులు కాపురముండే అపార్ట్‌మెంట్లలో ఇది మరీ అవసరం. ఈ వైరస్ బయట ఏడాది దాకా బతకగలదు, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి రాగలదు. ఫినాయిల్‌తో తుడిచి నిశ్చింతగా ఉండటం పొరపాటు. దాన్ని నమ్మడానికి లేదు, పైగా పిల్లికి అది విషం. నీళ్లు కలిపిన బ్లీచ్ పనిచేస్తుంది.

డెంగీ రోజుల్లో ప్రతి ఇంట్లో చేతికందేది పారాసిటమాల్. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటకు పంపలేదు. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు.