పెద్ద మోటారు పెడితే రోబో గెలుస్తుందా?

ద పాండ్స్‌లో జనవరి అంటే మండే ఎండలు, బడి సెలవులు, సంక్రాంతి పిండివంటలు. రోబోటిక్స్ బృందంలో పిల్లలున్న మాలాంటి ఇళ్లలో మాత్రం అది పరుగుల నెల. 'ఫస్ట్ రోబోటిక్స్' పోటీ కొత్త ఆట ఏమిటో జనవరి ఆరంభంలోనే చెబుతారు. సిడ్నీ ఒలింపిక్ పార్క్‌లో సదరన్ క్రాస్ రీజనల్ మార్చిలో ఉంటుంది. రోబో తయారీకి మిగిలేది కొన్ని వారాలే.

మా అమ్మాయి బృందానికి సాఫ్ట్‌వేర్ సాయం చేస్తుంటాను. పిల్లల మధ్య మొదటి వాదన చక్రాలు తిప్పే మోటార్ల గురించే. "అంకుల్, క్రాకెన్ కొనేద్దాం. అన్నిటికన్నా బలమైనది అదే కదా!" అంటారు.

బలమైనదే, ధర కూడా ఎక్కువే. మరి ఆ బలం నేలకు చేరుతుందా? కాగితం మీద లెక్క వేయించాను.

బ్యాటరీ, బంపర్లతో కలిపి రోబో బరువు సుమారు 65 కిలోలు. కార్పెట్ మీద చక్రాలకు దొరికే పట్టు సుమారు 700 న్యూటన్లు. అంతకు మించి తోస్తే చక్రం జారుతుంది. చక్రాలు నాలుగు, ఒక్కోటి 4 అంగుళాలు. అంటే ఒక్కో చక్రానికి 9 న్యూటన్ మీటర్ల టార్క్ చాలు. గేరు నిష్పత్తి 6.75 అయితే మోటారు ఇవ్వాల్సింది 1.3 మాత్రమే. 'నియో' మోటారు గరిష్ఠంగా 2.6 ఇస్తుంది. క్రాకెన్ 7 దాకా ఇస్తుంది. జారే చక్రానికి ఆ మిగులు బలం దేనికి?

అదే గేరుతో నియో వేగం లెక్క ప్రకారం సెకనుకు దాదాపు నాలుగున్నర మీటర్లు. ఆ మైదానానికి అది తక్కువేమీ కాదు. పాత 'సిమ్' మోటారు 1.27 కిలోలు తూగితే, నియో అర కిలో కూడా ఉండదు. నాలుగు మోటార్ల మీద మూడు కిలోలకు పైగా మిగులుతుంది. ఆ బరువును చేతికో, ఎత్తే యంత్రానికో వాడుకోవచ్చు.

అసలు హద్దు బ్యాటరీ. 12 వోల్టుల, 18 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్కటే అన్నిటికీ ఆధారం. మోటార్లన్నీ ఒక్కసారిగా లాగితే వోల్టేజీ పడిపోతుంది. అది ఒక హద్దు కన్నా దిగువకు జారితే కంట్రోలర్ మోటార్లను ఆపేస్తుంది. కొద్ది నిమిషాల ఆటలో రోబో మధ్యలో ఆగిందంటే నెలల శ్రమ వృథా. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, ఏ మోటారు కొన్నా కరెంటుకు సాఫ్ట్‌వేర్‌లో పరిమితి పెట్టాల్సిందే.

ఆ సాయంత్రం పిల్లలు ఓటు వేసి నియోలనే ఎంచుకున్నారు. మిగిలిన డబ్బుతో అదనంగా బ్యాటరీలు కొందామని ప్రతిపాదించింది కూడా వాళ్లే.

మీ పిల్లల బృందం ఏదైనా కొనమని అడిగితే, వెంటనే కార్డు తీయకండి, వద్దనీ అనకండి. "లెక్క చూపించు" అనండి చాలు.