దారం వదలడం తెలిసిన రీలు

వెదురు కర్రకు దారం, దారానికి బెండు, కొసన గాలం. పరిగెలకు, చిన్న జెల్లలకు ఇంతకు మించి అక్కర్లేదు. చిక్కంతా నాలుగైదు కిలోల బొచ్చె గానీ బంగారుతీగ గానీ ఎర అందుకున్నప్పుడే వస్తుంది. కర్ర కొసకు కట్టిన దారమే మన దగ్గర ఉన్నదంతా. చేప ఒక్క ఉదుటున లోతుకు పోతుంది, దారం బిగుసుకుంటుంది, ఆపైన తెగడమో గాలం వంపు విప్పుకోవడమో జరుగుతుంది. చెక్కముక్కకో సీసాకో దారం చుట్టుకుని చేత్తో విసిరేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పెద్ద చేప పడితే వాళ్లు గుంజరు. దారాన్ని వేళ్ల మధ్య నుంచి జారనిస్తారు, వేళ్లు కోసుకున్నా సరే. ఆ వేళ్ల పనిని యంత్రానికి అప్పగించడానికే రీలు.

కానీ దుకాణంలో రీలు చేతికిస్తే ఎవరైనా చేసేదొకటే. హ్యాండిల్ గిరగిరా తిప్పి, నున్నగా తిరిగిందని మురిసిపోయి, డబ్బులిచ్చేస్తారు. కొత్త రీలు ఏదైనా నున్నగానే తిరుగుతుంది. చుట్టే పని ఏ రీలైనా చేస్తుంది. చేప లాగినప్పుడు దారాన్ని కుదుపు లేకుండా వదిలే పని మాత్రం కొన్నే చేస్తాయి. మంచి రీలుకీ చెడ్డ రీలుకీ ఉన్న తేడాలో సగానికి పైగా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

దారం వదిలే ఏర్పాటును డ్రాగ్ అంటారు. దారం చుట్టుకునే స్పూలులో పలుచని వాషర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి: లోహపు బిళ్లల మధ్య ఫెల్ట్ గానీ కార్బన్ ఫైబర్ గానీ. పైనున్న మర బిగించేకొద్దీ ఇవి ఒరుసుకుని స్పూలును పట్టి ఉంచుతాయి. చేప లాగుడు ఆ పట్టును మించితే స్పూలు జారి దారం ఇస్తుంది. సంక్రాంతికి గాలిపటం ఎగరేసేవాళ్లు ఢీల్ ఇచ్చినట్టే, కాకపోతే ఎంత లాగితే ఎంత ఇవ్వాలో ఇక్కడ ముందే నిర్ణయించి పెడతాం.

ఎంతకు నిర్ణయించాలి? దారం తెగే బరువులో మూడో వంతు దాటకూడదని గాలం వేసేవాళ్ల లెక్క. దారం డబ్బా మీద బలం సాధారణంగా పౌండ్లలో ఉంటుంది. 12 పౌండ్లంటే సుమారు 5.4 కిలోలు, అందులో మూడో వంతు 1.8 కిలోలు. మిగతా రెండొంతులు వృథా అనుకోకండి. ముడి దగ్గర దారం బలం తగ్గుతుంది, రాడ్డు వంగితే దాని మీద దారం దూరే గైడ్ల దగ్గర రాపిడి పెరుగుతుంది, చేప హఠాత్తుగా తల విదిలిస్తుంది. వీటన్నిటికీ ఆ మిగులులోంచే చెల్లించాలి. ఇప్పుడు రీలు డబ్బా మీద "గరిష్ఠ డ్రాగ్ 10 కిలోలు" అని పెద్ద అక్షరాల్లో కనబడితే దాని విలువ ఎంతో మీకే తెలుస్తుంది. మన చెరువుల్లో, రిజర్వాయర్లలో వాడే దారానికి అంత డ్రాగ్ బిగిస్తే ముందు దారమే తెగుతుంది. ఒకటిన్నర, రెండు కిలోల దగ్గర ఎంత సమంగా జారుతుందన్నదే అడగాల్సిన ప్రశ్న. డబ్బా మీద ఆ ముక్క ఎవరూ వెయ్యరు.

అది చేత్తోనే తెలుసుకోవాలి. దుకాణంలోనే డ్రాగ్ వదులుగా పెట్టి దారాన్ని నెమ్మదిగా లాగండి. మొదట మొరాయించి తర్వాత ఒక్కసారి జారితే ఆ రీలు పక్కన పెట్టెయ్యండి. ఆ మొదటి కుదుపులోనే దారాలు తెగుతాయి. స్పూలు ఒక చుట్టంతా ఒకే పట్టుతో జారాలి. ఇంటికి తెచ్చుకున్నాక స్ప్రింగు కాటాతో కొలిచి డ్రాగ్ పెట్టుకోవచ్చు. కాటా లేకపోతే ఒకటిన్నర లీటర్ల నీళ్లు పోసిన సీసా చాలు, దాని బరువు దాదాపు ఒకటిన్నర కిలో. గైడ్లలోంచి తీసిన దారానికి సీసా కట్టి రాడ్డుతో పైకి లేపాలి. నేల వదిలే సమయానికి స్పూలు జారడం మొదలైతే 10, 12 పౌండ్ల దారానికి సరిపోయినట్టే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. దారం బయటికి పోయేకొద్దీ స్పూలు మీద చుట్టు సన్నబడుతుంది, సన్నబడేకొద్దీ దాన్ని తిప్పడానికి చేప మరింత గట్టిగా లాగాలి. చుట్టు వ్యాసం సగమైతే, మీరు మర ముట్టుకోకపోయినా దారం మీద బిగువు రెట్టింపవుతుంది. చేప దూరం పోతోందని కంగారుపడి అప్పుడే డ్రాగ్ బిగించడం ఎంత పొరపాటో దీన్నిబట్టి చూడండి. అలాంటప్పుడు కాస్త వదులు చెయ్యాలి.

ఇక ఏ రకం రీలు? మన నీళ్లకు లెక్కలోకి వచ్చేవి రెండే. మొదటిది స్పిన్నింగ్ రీలు. ఇందులో స్పూలు నిలిచి ఉంటుంది, రోటరు దాని చుట్టూ తిరుగుతూ దారం చుడుతుంది. విసిరేటప్పుడు బెయిల్ అనే తీగ కమానును తెరిస్తే దారం స్పూలు అంచు మీదుగా జలజలా రాలిపోతుంది. 1905లో దీనికి పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో నూలు వ్యాపార కుటుంబానికి చెందినవాడు. మిల్లులో నిలిచి ఉన్న కండె కొస నుంచి నూలు జారిపోవడం చూసే ఈ ఊహ వచ్చిందని చెబుతారు. అంతకుముందు చాలా రీళ్లలో స్పూలే తిరగాలి కాబట్టి తేలిక ఎరను దూరం విసరడం కష్టంగా ఉండేది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1887లోనే మన చెరువుల్లో గాలం వెయ్యడం మీద ఒక పుస్తకం రాశాడు. ఈనాడు ఏ చిన్న దుకాణంలోనైనా దొరికే స్పిన్నింగ్ రీలు ఆ కాలానికి ఆయనకు అందుబాటులో లేదు.

రెండోది బెయిట్‌కాస్టర్. ఇందులో విసిరినప్పుడు స్పూలే తిరుగుతుంది. ఎర నెమ్మదించినా స్పూలు అదే వేగంతో తిరుగుతుంటే దారం పోగుపడి చిక్కు పడుతుంది. ఆ చిక్కు విప్పేసరికి పొద్దు గూకుతుంది. అయస్కాంతాల బ్రేకులు, అపకేంద్ర బ్రేకులు ఉన్నా బొటనవేలికి అలవాటు కావాల్సిందే. కొత్తవాళ్లకు దీన్ని నేను సిఫార్సు చెయ్యను, ఒక్క కొర్రమీను విషయంలో తప్ప.

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను గుర్రపుడెక్క, తామరాకుల మధ్య కాపు కాస్తుంది. రబ్బరు కప్పను ఆకుల మీదుగా లాక్కొస్తుంటే కింది నుంచి విరుచుకుపడుతుంది. దానికి దారం ఇచ్చారంటే కాడల్లోకి దూరి చుట్టేసుకుంటుంది, ఇక అది మీది కాదు. అందుకే ఇక్కడ ఇంతసేపు చెప్పినదంతా తలకిందులు. 30 నుంచి 50 పౌండ్ల అల్లిక దారం, అంటే బ్రెయిడ్, వేసి, డ్రాగ్ దాదాపు బిగించేసి, ఒకే ఊపులో నీటిపైకి తేవాలి. బెయిట్‌కాస్టరు నిర్మాణం ఈ మొరటు పనిని తట్టుకుంటుంది. గేరు నిష్పత్తి 7:1 దరిదాపుల్లో ఉంటే, అంటే హ్యాండిల్ ఒకసారి తిప్పితే స్పూలు ఏడుసార్లు తిరిగేలా ఉంటే, చేప కాడల్లోకి దూరే లోపు మిగులు దారం లాగేసుకోవచ్చు.

మిగతా చేపలకు స్పిన్నింగ్ రీలు చాలు. వాటి మీద 1000, 2500, 4000 అంకెలుంటాయి. ఇవి సైజులు. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి తప్ప అంకె పెరిగితే రీలు పెద్దదవుతుంది. ఆరేడు అడుగుల రాడ్డుతో చిన్న కృత్రిమ ఎరలు విసరడానికి 2500 బాగుంటుంది. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దతో అడుగున ఎర వేసి బొచ్చె, రోహు కోసం గంటలు కూర్చునేవాళ్లకు 4000 కావాలి, వాలుగ తగిలే లోతు నీళ్లయితే ఇంకాస్త పెద్దది. మొదటి రీలు ఒక్కటే కొంటానంటే 3000 తీసుకోమంటాను.

గేరు నిష్పత్తి 5.2:1 అంటే హ్యాండిల్ ఒకసారి తిప్పితే రోటరు ఐదుసార్లకు పైగా తిరుగుతుంది. దారం చుట్టు వ్యాసం 45 మిల్లీమీటర్లయితే, అలా ఒకసారి తిప్పితే సుమారు 73 సెంటీమీటర్ల దారం వస్తుంది; 6.2:1 అయితే 88 దాకా. వేగం ఎక్కువైతే బలం తగ్గుతుంది కాబట్టి బరువైన చేపలకు తక్కువ నిష్పత్తే హాయి. బేరింగుల సంఖ్య గురించి ఒక్క మాట. "13+1" అని రాసి ఉన్న నాసిరకం రీలు కంటే నాలుగైదు మంచి బేరింగులున్న రీలు ఎక్కువ కాలం బతుకుతుంది. హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. లోపల లొడలొడ వినిపిస్తే ఆ అంకెలు చూసి మోసపోవద్దు.

దారం నింపడంలో చాలామంది తొందరపడతారు. స్పూలు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు ఉందనగా ఆపాలి. నిండా నింపితే విసిరినప్పుడు చుట్లు చుట్లుగా ఊడి పడుతుంది. తక్కువైతే అంచుకు ఒరుసుకుని దూరం పోదు. బ్రెయిడ్‌ను ఉత్త స్పూలు మీద చుడితే మొత్తం చుట్టే జారిపోతుంది కాబట్టి అడుగున కొంచెం నైలాన్ దారం వెయ్యాలి. చేప దారం లాక్కుపోతుంటే హ్యాండిల్ తిప్పకండి. దారం రాదు సరికదా, తిప్పిన ప్రతిసారీ గేరు నిష్పత్తి ఎంతో అన్ని మెలికలు దారంలో పడతాయి. ఎర విసిరాక బెయిల్‌ను హ్యాండిల్‌తో కాకుండా చేత్తో మూస్తే స్ప్రింగూ మిగులుతుంది, మెలికలూ తగ్గుతాయి.

మంచినీళ్లే కదా, ఉప్పు లేదు కదా అని రీలును మూలన పడేస్తారు. ఉప్పు లేకపోతే ఒండ్రు ఉంది. గట్టు మీద రాడ్డు పడుకోబెట్టగానే సన్నని ఇసుక హ్యాండిల్ సందుల్లోకి చేరుతుంది. ముద్ద ఎర వాడేవాళ్ల చేతుల జిడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. తవుడూ బెల్లమూ అంటిన వేళ్లతో రీలు పట్టుకుని, అలాగే ఇంట్లో పెడితే తెల్లారేసరికి చీమలు వరస కడతాయి. ఇంటికి రాగానే డ్రాగ్ బిగించి, లోపలికి నీరు పోకుండా తడిగుడ్డతో తుడవండి, లేదా సన్నని ధార కింద కడగండి. బకెట్లో ముంచవద్దు, గొట్టంతో జోరుగా కొట్టవద్దు. ఆ జోరు ఇసుకను బేరింగుల దాకా తోస్తుంది. నీడలో ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చెయ్యండి. బిగించి నెలల తరబడి ఉంచితే ఫెల్ట్ వాషర్లు అణగారి, తర్వాత కుదుపులతో జారడం మొదలెడతాయి.

రీలంతటిలో ఎవరూ పట్టించుకోని భాగం లైను రోలరు, అంటే బెయిల్ చివర దారం మలుపు తిరిగే చిన్న చక్రం. అది ఒండ్రుతో బిగుసుకుపోతే దారం దానిమీద రాసుకుంటూ గాడి చేస్తుంది, ఆ గాడి తిరిగి దారాన్ని కోస్తుంది. దూదితో తుడిచి చూడండి. పీచు చిక్కుకుంటే గాడి పడినట్టే, రోలరు మార్చాలి. దానికీ, హ్యాండిల్ పిడికీ, బెయిల్ కీళ్లకూ నెలకోసారి ఒక్కో చుక్క సన్నని నూనె. కుట్టుమిషను నూనె పనికొస్తుంది. కొబ్బరినూనె చలికాలం గడ్డకడుతుంది, వంటనూనె కొన్నాళ్లకు జిగురవుతుంది. డబ్ల్యూడీ-40ని చాలామంది నూనెగా కొడతారు. ఆ పేరులోనే ఉన్నట్టు అది తేమను తోలెయ్యడానికి తయారైంది. ఉన్న గ్రీజును కూడా కరిగించేస్తుంది.

గేర్లకు ఏడాదికోసారి గ్రీజు చాలు. చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో చాలా జలాశయాల్లో వేట ఆపుతారు. (చెరువైతే మత్స్యకారుల సహకార సంఘం అనుమతి ఏ కాలంలోనైనా కావాలి.) ఆ సెలవుల్లో రీలు విప్పుకోవచ్చు. తెల్లగుడ్డ పరుచుకుని, ప్రతి దశలోనూ ఫోనుతో ఫోటో తీసి, విప్పిన వరసలోనే భాగాలను పేర్చండి. గేరు పక్కన కాగితమంత పలుచని వాషర్లుంటాయి. ఒక్కటి అటూ ఇటూ అయినా రీలు గరగరమంటుంది. పాత గ్రీజు తుడిచి, పళ్లకు పలుచగా కొత్తది పూయండి. దిట్టంగా దట్టిస్తే హ్యాండిల్ బరువెక్కుతుంది. డ్రాగ్ వాషర్లకు తయారీదారు చెప్పిన గ్రీజే వాడాలి, మామూలు నూనె తగలనివ్వకూడదు. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే ఏకదిశ బేరింగు జోలికి వెళ్లకపోవడం మేలు. దానిలోకి గ్రీజు పోతే రోలర్లు పట్టు తప్పి, చేప లాగినప్పుడు హ్యాండిలే వెనక్కి తిరిగి వేళ్లకు కొడుతుంది.

విప్పేటప్పుడు బెయిల్ స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడితే, దాన్ని వెతికేకంటే కొత్తది తెచ్చుకోవడం తేలిక, దొరికితే. అందుకే కొనే రోజునే దుకాణంలో అడిగి ఉంచండి: ఈ మోడలుకు స్ప్రింగు, రోలరు, డ్రాగ్ వాషర్లు విడిగా ఇస్తారా? ఇవ్వరంటే పక్కనున్న, కాస్త ఖరీదెక్కువైన రీలు చూపించమనండి.