మందు మార్చుటకు ముందు

ఇంట నొకరికి జ్వరము తగ్గనిచో వెంటనే వైద్యుని మార్చుట, మందు మార్చుట మన కలవాటు. హెచ్.ఐ.వి. విషయమున నీ తొందర తగదు, ఆలస్యమును తగదు. ఈ రెంటి నడిమి మార్గమును గూర్చి మేము నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

మన ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ఈ వ్యాధికి ఉచితముగా మందు లిచ్చుచున్నది. మొదట నెన్నుకొన్న ఆరు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ మొకటి. అయితే మందు పనిచేయుచున్నదని తెలియు టెట్లు? రోగి బరువును, క్రొత్తగా వచ్చు జబ్బులను, రక్తములోని సి.డి.4 కణముల సంఖ్యను జూచి వైద్యులు నిర్ణయించెడివారు. ఇవి యాలస్యముగా దెలియు గురుతులు. ఇవి కనబడులోగా వైరసు ఆ మందునకు లొంగకుండుట నేర్చుకొనవచ్చును. అందుచే రక్తములోని వైరసునే కొలుచు ‘వైరల్ లోడ్’ పరీక్ష మేలని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పెను. ఖరీదైన పరీక్ష యగుటచే మన దేశమున నది యందరికిని క్రమముగా జేయుట 2018లో గాని మొదలు కాలేదు.

పరీక్షలు లేవని మందు మానరాదు. యుగాండా, జింబాబ్వే దేశములలో 3,316 మందితో జరిగిన పరిశోధన ఫలితములు 2009లో వెలువడెను. తరచుగా రక్తపరీక్షలు జరిగినవారిలో నైదేండ్లకు నూటికి 90 మంది జీవించియుండగా, వైద్యులు రోగి స్థితినే చూచుచు వచ్చిన వారిలో 87 మంది జీవించియుండిరి.

పరీక్షలో మిల్లీలీటరునకు వేయికి మించి వైరసు కనబడినచో, సామాన్యముగా మందు మార్చుటకు ముందొక ప్రశ్న కలదు: “అమ్మా, మాత్రలు దినదినము వేసికొనుచున్నావా?” అత్తవారికి దెలియునని బియ్యపు డబ్బాలో దాచి, చుట్టములు వచ్చిననాడు మానివేయు ఇల్లాండ్రు గలరు. కూలి పోవునని కేంద్రమునకు బోజాలనివారు గలరు. ఆ యడ్డంకి తీరక క్రొత్త మందిచ్చినను ఫలమేమి? మందలింపక కారణ మడిగి, సుమారు మూడు నెలలు సక్రమముగా మందు వాడించి, మరల పరీక్షింపవలయును. అప్పటికిని వేయికి మించినచో మందు మార్చుట కొక్కదినమైన జాగు చేయరాదు.

వివక్షను నిషేధించు చట్టము 2017లో వచ్చినది. కాని చట్టము మన వంటయింటిలోనికి రాజాలదు. మన యింటి కోడలు మాత్రను దాచక, అందరి యెదుట మంచినీళ్లతో మ్రింగగలుగునట్లు చేయుట మన చేతిలోని పని.